మీ సముద్రం లోతెంతండీ?

"మీ సముద్రం లోతెంతండీ?" అని ఫోనులో అడిగాను. అవతలాయన కాసేపు మాట్లాడలేదు. నవ్వు ఆపుకుంటున్నాడని ఇప్పుడు తెలుస్తోంది గాని, అప్పుడు లైను తెగిందనుకుని "హలో, హలో" అని అరిచాను. చివరికి ఆయన చాలా మర్యాదగా, "ఏ టైముకండీ?" అన్నాడు.

నేను తాడేపల్లిగూడెంలో ఒక హైస్కూల్లో ఇరవయ్యారేళ్ళుగా సోషల్ చెబుతున్నాను. ఆటుపోట్ల పాఠం కళ్ళు మూసుకుని చెప్పగలను. చంద్రుణ్ణీ, భూమినీ, మధ్యలో బాణాలనూ బోర్డు మీద చేత్తోనే గుండ్రంగా గీసేస్తాను. అలాంటిదాన్ని పోయి పోయి, చెరువు లోతు అడిగినట్టు సముద్రం లోతు అడిగాను. ఫోను పెట్టేశాక చాలాసేపు చెవులు వేడిగా ఉన్నాయి.

ఈ గొడవకంతటికీ మా స్కూలు పీఈటీ మేడం కారణం. నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నది. బజారులో కిరాణా కొట్టున్న శెట్టిగారి అమ్మాయి. ఒకరోజు స్టాఫ్ రూములో క్యారేజీలు విప్పుకుంటుండగా తన ఫోనులో ఒక వీడియో పెట్టి నా ముందుకు తోసింది. విశాఖ దాటాక ఎక్కడో, సముద్రం ఒడ్డున గుడారాలు. నా వయసు ఆడవాళ్ళు బిగుతు బట్టలేసుకుని, పలకల మీద బోర్లా పడుకుని, అల తోస్తుంటే ఒడ్డుకు వస్తున్నారు. ఒకావిడ పలక మీంచి జారి, మునిగి, లేచి, ముక్కులోంచి నీళ్ళు కారుతుంటే విరగబడి నవ్వుతోంది.

"బీచ్ క్యాంపండీ మేడం. ఈతా నేర్పుతారు, సర్ఫింగూ నేర్పుతారు. వచ్చే నెల రెండో శనివారం, ఆదివారం కలిపి వెళ్దామా?" అంది.

నేను "సరే" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఏ పనికైనా ముందు పది వంకలు వెతికే మనిషిని నేను. మాట నోట్లోంచి వచ్చేసింది, వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. "మీరు సోషల్ కదండీ, మ్యాపులు తెలుసు. ఎక్కడ బాగుంటుందో మీరే చూసిపెట్టండి" అని ఆ పని కూడా నా నెత్తినే పెట్టింది.

నేను పుట్టింది ముదినేపల్లి దగ్గర ఒక పల్లెలో. కొల్లేరు పొంగిన ఏడు నీళ్ళే మా వాకిట్లోకి వచ్చేవి. చుట్టూ కాలవలు, తర్వాత్తర్వాత చేపల చెరువులు. అంత నీళ్ళ మధ్య పెరిగి ఈత రాదంటే పీఈటీ మేడం నమ్మలేదు. మా ఊళ్ళో మగపిల్లలకు ఈత ఎవరూ నేర్పక్కర్లేదు, వంతెన మీంచి తోసేస్తే అదే వచ్చేది. మా తమ్ముళ్ళిద్దరూ కాలవలోకి దూకుతుంటే వాళ్ళ చొక్కాలూ లాగులూ తడవకుండా పట్టుకుని గట్టు మీద నిలబడడం నా పని. రేవులో బట్టలుతికేటప్పుడు నేనూ దిగేదాన్నే, కానీ మోకాళ్ళు దాటి ఒక్క అడుగు ముందుకేస్తే అమ్మ కేకేసేది. "ఆడపిల్లకి మోకాళ్ళ దాకా చాలు" అనేది. ఎందుకు చాలునో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. యాభై రెండేళ్ళొచ్చాయి. నా తల ఒక్కసారి కూడా నీళ్ళ కిందకు వెళ్ళలేదు.

క్యాంపు వెతకడం మొదలుపెట్టాక గాని నాకేమీ తెలియదని నాకు తెలిసిరాలేదు. మూడు చోట్లు దొరికాయి. ఒకటి పేరుపాలెం వైపు, ఒకటి బాపట్ల వైపు, మూడోది ఆ విశాఖ దాటాక ఉన్నది. పాత టీచింగ్ నోట్సు వెనక పేజీల్లో గళ్ళు గీసుకుని రాసుకోవడం మొదలుపెట్టాను. ఈతకు అలలు లేని చోటు చూసుకోమని ఒకరు రాశారు. సర్ఫింగుకు అలలున్న చోటు చూసుకోమని ఇంకొకరు రాశారు. ఈతా, సర్ఫింగూ రెండూ నేర్పే చోటంటే అక్కడ అలలు ఉన్నట్టా, లేనట్టా? ఒకే క్యాంపు గురించి, ఒకే వారంలో, ఒకాయన "అలలు అద్భుతం" అన్నాడు, ఒకావిడ "అలలు చూస్తే ప్రాణం పోయింది" అంది. ఒకరు ఇసుక మెత్తగా ఉందన్నారు, ఒకరు రాళ్ళున్నాయి జాగ్రత్త అన్నారు. నాకు తెలిసిన నీళ్ళకు గట్టుంటుంది, తూముంటుంది, లోతెంతంటే ఆసామి అడుగుల్లో చెబుతాడు. సముద్రానికి ఆసామి ఎవరు? ఎవర్ని అడగాలి? గళ్ళన్నీ నిండాయి గాని నా బుర్రలో మాత్రం కప్పల తక్కెడే.

మా ఆయనతో చెప్పి చూశాను. ఆయన ప్రభుత్వోద్యోగి, డ్రెయిన్ల పనులు చూస్తారు. ఆయనకు క్యాంపంటే ఆఫీసు పని మీద ఊరెళ్ళడం. పేపరు దించకుండానే, "క్యాంపా? టీఏ ఇస్తారా?" అన్నారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు. ఇక ఆయన్ని కదపలేదు.

క్యాంపులవాళ్ళతో ఫోనులో మాట్లాడింది మా ఇంటి వరండాలో. పక్క గదిలో మంచం మీద కూర్చుని మా అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆవిడది గణపవరం. డెబ్బయ్యెనిమిదేళ్ళు. చెవులు మాత్రం ఇరవై ఏళ్ళ పిల్లవి. ఆవిడకు నా వైపు మాటలే వినబడ్డాయి. అవేమిటో నేను తర్వాత గుర్తు చేసుకున్నాను.

"రెండు రోజుల క్యాంపేనాండీ? ఆదివారం పొద్దున్నే నీళ్ళలో దింపుతారా? నా వయసువాళ్ళు కూడా దిగుతున్నారాండీ? భయంగానే ఉందండీ, కానీ చిన్నప్పట్నించీ మనసులో ఉంది. మునిగేటప్పుడు పక్కన ఒకరు పట్టుకుంటారు కదా? బట్టలు మీరే ఇస్తారా? అబ్బే, తెల్లవి వద్దండీ."

ఇక్కడ మా సంగతి కొంచెం చెప్పాలి. మేం నాలుగు తరాల నుంచీ క్రైస్తవులం. చర్చిని గుడే అంటాం. మా సంఘంలో పసిపిల్లల నుదుటి మీద నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇస్తారు. వేరే సంఘాలవాళ్ళు పెద్దయ్యాక, తెలిసి ఒప్పుకున్నాక, తెల్లబట్టలు కట్టించి కాలవలోనో తొట్టిలోనో నిలువునా ముంచి ఇస్తారు. మా వాళ్ళలో "ఫలానా ఆవిడ నీళ్ళలో దిగిందంట" అన్నారంటే దానికి ఒక్కటే అర్థం. ఆవిడ మన గుడి వదిలేసి ముంచే సంఘంలో కలిసిపోయిందని. క్యాంపంటే కూడా అంతే. ప్రార్థన క్యాంపు, యవ్వనస్తుల క్యాంపు తప్ప ఇంకో క్యాంపు మా అత్తగారు ఎరగదు.

నాకు ఇదేమీ తట్టలేదు. ఆవిడ కాఫీ సగంలో వదిలేస్తోంది. అన్నం దగ్గర మాట్లాడడం లేదు. చిక్కుడుకాయ కూరలో ఉప్పెక్కువైతే నోరెత్తి అనే మనిషి, అనకుండా తినేసి లేచిపోయింది. షుగరు ఎక్కువైందేమోనని నేను కంగారుపడ్డాను. మర్నాడు ఉన్నట్టుండి, "అమ్మాయ్, మన గుడిలో నీకేం తక్కువైందే?" అంది.

"ఫ్యాన్లండీ" అన్నాను. ఆడవాళ్ళ వైపు రెండు తిరగడం లేదు, నిజంగానే.

ఆవిడ నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. ఫ్యాన్ల కోసం గుడి వదిలే మనిషి ఎలా ఉంటుందో అన్నట్టు చూసింది.

గురువారం సాయంత్రం పాస్టరుగారు వచ్చారు. మేం అయ్యగారంటాం. చెప్పకుండా ఎప్పుడూ రారు. కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. కాసేపు పిల్లల చదువుల గురించీ ఎండల గురించీ మాట్లాడి, గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, మీరు నీళ్ళలో దిగుదామనుకుంటున్నారని విన్నాను."

"అవునండీ అయ్యగారూ. అప్పుడే మీ దాకా వచ్చిందాండీ?"

"ఎక్కడ దిగుతున్నారు?"

"ఇంకా తేల్చుకోలేదండీ. మూడు చూశాను."

"మూడా!" ఆయన కప్పు కింద పెట్టేశారు.

"పేరుపాలెం వైపు దగ్గరే గాని అక్కడ నేర్పేవాళ్ళు లేరంటండీ. బాపట్ల వైపుది ప్రశాంతంగా ఉంటుందంట. విశాఖ దాటాక ఉన్నదాంట్లో మాత్రం ఊపెక్కువ."

"మీకు ఊపు కావాలామ్మా?"

"అదేనండీ తేలడం లేదు. కాసేపు ప్రశాంతంగా ఉంటే బాగుణ్ణనిపిస్తుంది, కాసేపు ఊపు లేకపోతే ఇంత దూరం వెళ్ళడమెందుకనిపిస్తుంది."

అయ్యగారు కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నారు. చాలా మంచాయన. గొంతు తగ్గించి, "మరి మన దగ్గర ఏమైనా వెలితి కనబడిందామ్మా?" అన్నారు.

నేను మన ఊరి చుట్టుపక్కల కాలవల గురించి అడుగుతున్నారనుకున్నాను. "మన దగ్గర లోతెక్కడుందండీ అయ్యగారూ. ఎంత దిగినా మోకాళ్ళ దాకానే కదా" అన్నాను.

గదిలోంచి మా అత్తగారు లేచొచ్చేసింది. చేతికర్ర కూడా తెచ్చుకోలేదు. "విన్నారా అయ్యగారూ? మన దగ్గర లోతు లేదంట! ముప్పయ్యేళ్ళు ఈ ఇంట్లో అన్నం తిని, మన దగ్గర లోతు లేదంట!" అని, నా వైపు తిరిగి వేలు చూపించబోయింది. కళ్ళు నిండిపోయాయి. "పో. ఏ సంఘంలోకి పోతావో పో. నాకు నీళ్ళెవరు పోస్తారే మరి?"

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది.

ఆవిడకు కూతుళ్ళు లేరు. నాలుగేళ్ళ క్రితం వాళ్ళ చెల్లెలు పోయినప్పుడు ఆ ఇంట్లో ఆడవాళ్ళతో కలిసి నేనే ఆవిడకు ఆఖరి స్నానం చేయించాను. జుట్టు దువ్వి తెల్లచీర కట్టాను. మా అత్తగారు గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఇంటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, "నాకు కూడా నువ్వే పోయాలి. వేరేవాళ్ళని నా ఒంటి మీద చెయ్యి వెయ్యనివ్వకు" అంది. నేను మాటిచ్చాను. మా సంఘానికి సొంత సమాధుల దొడ్డి ఉంది, అందులో మా మావగారి పక్కన ఆవిడకు చోటుంది. నేను సంఘం మారితే ఆ రోజున నన్ను దగ్గరికి రానివ్వరేమో, వచ్చినా వేరే సంఘపు మనిషిలా గేటు దగ్గర నిలబడతానేమో అని ఆవిడ ఆ వారమంతా కాఫీ తాగకుండా కుమిలిపోయింది.

"అయ్యో అత్తయ్యగారూ, నేను దిగుతానన్నది సముద్రంలోకండీ! ఈత నేర్చుకోవడానికి!" అన్నాను.

ముందు నవ్వింది అయ్యగారు. సాసరులో ఒలికిన కాఫీ తుడుచుకుంటూ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. మా అత్తగారు నవ్వలేదు. నమ్మకం కుదరక వీడియో చూపించమంది. రెండుసార్లు చూసింది. పలక మీంచి పడి నవ్వే ఆవిడ దగ్గర ఆపమని, "ఈవిడది ఏ సంఘం?" అనడిగింది. అయ్యగారు మళ్ళీ నవ్వారు.

మర్నాడు స్కూల్లో ఈ కథంతా చెబితే పీఈటీ మేడం బల్ల మీద కొట్టి నవ్వింది. "మా ఇంట్లో నీళ్ళలో దిగుతానంటే కార్తీక స్నానానికి దీపాలు సర్దేవాళ్ళండీ" అంది. నేనూ నవ్వాను. అయ్యగారి ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. వెలితి ఏమైనా ఉందా?

నాకు పదేళ్ళప్పుడు మా ఊళ్ళో ఎదురింటావిడ నిజంగానే అలా నీళ్ళలో దిగింది. మా అమ్మావాళ్ళు చూడకూడదన్నారు, నేను రేవు పక్క తుప్పల్లో నిలబడి చూశాను. ఇద్దరు పట్టుకుని ఆవిడను వెనక్కి వంచి ముంచారు. పైకి లేచినప్పుడు జుట్టంతా ముఖానికి అతుక్కుపోయి, నోరు తెరుచుకుని, ఆవిడ నేను అంతవరకూ చూసిన ఆవిడలా లేదు. నాకు అసూయ కలిగింది. ఆవిడ భక్తి మీదనా, తడిసిన తల మీదనా? అప్పుడు తెలియలేదు. తల మీదేనని ఇన్నాళ్ళూ నన్ను నేను సమాధానపరుచుకున్నాను. ఇప్పుడు అది కూడా నమ్మకంగా చెప్పలేను. నాకు కావలసింది ఈతా, ఇంకేదైనానా? ఈత కోసం ఇంత తపన ఎందుకు? యాభై రెండేళ్ళ మనిషికి తనకేం కావాలో తెలియకపోవడం నాకు సిగ్గుగా ఉంది, కాని నిజం అదే.

క్యాంపు సంగతి తేల్చింది మా అత్తగారు. "నేనూ వస్తాను. నిన్నెందులో ముంచుతారో నా కళ్ళతో చూడాలి" అంది. నా నోట్సు పక్కకు తోసేసి, మూడు చోట్లకూ నా చేత ఫోను చేయించి, స్పీకరు పెట్టించి తనే మాట్లాడింది. "ఏవండీ, స్నానానికి మంచినీళ్ళున్నాయాండీ? ఒడ్డున నీడలో కుర్చీ వేస్తారాండీ? కుర్చీలాంటి లెట్రిన్ ఉందాండీ? ఆదివారం పొద్దున్న దగ్గర్లో గుడి ఉందాండీ?" నాలుగింటికీ ఉందన్నది విశాఖ దాటాక ఉన్న క్యాంపే. నేను మూడు వారాలు గళ్ళు గీసి తేల్చలేనిది ఆవిడ పది నిమిషాల్లో తేల్చేసింది. అలల గురించి ఆవిడ అడగనే లేదు.

శుక్రవారం సాయంత్రం మా ఆయన మమ్మల్ని స్టేషన్లో రైలెక్కించారు. టీఏ ఊసెత్తలేదు. శనివారం సాయంత్రం నాలుగింటికి నీళ్ళ దగ్గరికి వెళ్ళాం. ముదురు నీలం బట్టలిచ్చారు. నేర్పే ఆయన ఆ ఊరి బెస్తవాళ్ళబ్బాయే, ముప్పయ్యేళ్ళుంటాయి. ఆయనే ఫోనులో "ఏ టైముకండీ" అన్నాయన. గొంతును బట్టి నన్ను గుర్తుపట్టి, "ఇప్పుడైతే నడుం దాకా ఉందండీ మేడంగారూ" అన్నాడు.

పీఈటీ మేడం పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయింది. నేను మోకాళ్ళ దాకా వెళ్ళి ఆగాను. నిజంగా ఆగిపోయాను. అమ్మ పోయి పదేళ్ళయింది, కేకేసేవాళ్ళెవరూ లేరు, అయినా కాళ్ళు కదల్లేదు. కాళ్ళ కింద ఇసుక జారుతోంది. చేతులేమో తమ్ముళ్ళ బట్టలు పట్టుకున్నట్టు గుండెల దగ్గరే ముడుచుకుని ఉన్నాయి. వెనక్కి చూశాను. కుర్చీలోంచి మా అత్తగారు చేతికర్ర పైకెత్తి, "నిండా మునిగాక చలేంటే, పో!" అని అరిచింది. ఎదురుగా చూసేలోపే అల వచ్చి నన్ను పడేసింది.

పడిపోవడం తెలుసు. తర్వాత ఒక చప్పుడు, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఏది పైనో ఏది కిందో తెలియలేదు. కళ్ళు తెరిచానో లేదో కూడా గుర్తులేదు, పచ్చగా ఏదో ఉంది. అక్కడ భయమేసింది. దాని వెనకే ఇంకేదో కూడా వచ్చింది. సంతోషమందామంటే కాదు, ఏడుపందామంటే కాదు. పేరు వెతికేలోపే ఆ అబ్బాయి నా చెయ్యి పట్టి లేపేశాడు. ముక్కులో ఉప్పు మండిపోతోంది. నేను నవ్వుతున్నానో దగ్గుతున్నానో నాకే తెలియదు.

ఆ సాయంత్రం ఎనిమిదిసార్లు పడ్డాను. పలక మీద బోర్లా పడుకుని ఒక్కసారి మాత్రం ఒడ్డు దాకా వచ్చాను. ఈత రాలేదు. వస్తుందన్న నమ్మకమూ లేదు. నేను వెతికింది దొరికిందా అని అడిగితే ఇప్పటికీ సమాధానం చెప్పలేను.

గుడారాల వెనక మంచినీళ్ళ డ్రమ్ము, చెంబు, ఒక బండ ఉన్నాయి. జుట్టు నిండా ఇసుకతో బండ మీద కూర్చుని చెంబు అందుకోబోతే, మా అత్తగారు కర్ర డ్రమ్ముకు ఆనించి చెంబు తీసేసుకుంది. "తల వంచు" అంది. వంచాను. ఒక చేత్తో నీళ్ళు పోస్తూ, ఇంకో చేత్తో నా తలలో ఇసుక రుద్ది తీయడం మొదలుపెట్టింది. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆవిడ నాకు తలంటడం అదే మొదలు. వేళ్ళు సన్నగా, గట్టిగా ఉన్నాయి.

"లోపల ఎలా ఉందే?" అనడిగింది.

"ఏమీ వినబడదండీ."

"భయమేసిందా?"

"వేసిందండీ. కాసేపే."

ఆవిడ నా చెవుల వెనక ఇసుక తీసింది. ఇంకో చెంబు ముంచి నెమ్మదిగా పోసింది.

"నాకు పోసేటప్పుడు మాత్రం ఇంత చన్నీళ్ళు పోయకు. కొంచెం వెచ్చబెట్టు" అంది.

"అలాగేనండీ అత్తయ్యగారూ" అన్నాను, తల ఎత్తకుండానే.